నల్లరాతి మీద కోచ్ ముఖం

ఆ బొమ్మ ఎవరిదో చెప్పమని దేదీప్య మూడోసారి అడిగింది. గొంతు పెంచలేదు. అందుకే తల్లి జయంతికి ఎక్కువ భయం వేసింది.

అడిగింది తండ్రిని. చెక్కపెట్టె మేకులు పీకిన సుత్తిని జగన్మోహన్ ఇంకా చేతిలోంచి దించలేదు. ఎడిసన్‌లో అతని గ్రానైట్ షాపు వెనక షెడ్డులో, వంటింటి గట్లకోసం కోసి పెట్టిన పలకల మధ్య, చీమకుర్తి నుంచి రెండు నెలలు ఓడలో వచ్చిన నల్లరాయి నిలబడి ఉంది. మనిషెత్తు రాయి, ముఖం చూసుకోవచ్చు అందులో. కింద అక్షరాలు ఒక్క తప్పు లేకుండా పడ్డాయి. ఏమస్ టిలరీ. పుట్టిన ఏడు, పోయిన ఏడు. ఈ చుట్టుపక్కల బేస్‌బాల్ జట్టులో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు, ఆ తర్వాత ఇక్కడి హైస్కూలుకి మొదటి నల్లజాతి కోచ్ అని రెండు వరుసలు. పైన ఆయన బొమ్మ.

ఆ బొమ్మే ఆయనది కాదు.

టోపీ ఆయనదే. చొక్కా మీద జట్టు పేరూ సరిగ్గానే ఉంది. టోపీ కింద మాత్రం కొనదేరిన ముక్కుతో, పలచని పెదాలతో ఎవరో కుర్రవాడు నవ్వుతున్నాడు. నల్లరాతి మీద చెక్కేవాడు ఎక్కడ ఎన్ని చుక్కలు కొడితే అక్కడ అంత తెలుపు. ఈ ముఖం మీద సందు లేకుండా కొట్టాడు. శుభలేఖ మీద అచ్చు వేయించుకున్న పెళ్ళికొడుకులా మెరిసిపోతున్నాడు.

"రాతి మీద బొమ్మంటే ఫొటోలా రాదమ్మా, కొంచెం తేడా ఉంటది" అన్నాడు జగన్మోహన్.

"కొంచెం కాదు డాడీ. కోచ్ బ్లాక్. ఈయన బ్లాక్ కాదు" అంది దేదీప్య.

జగన్మోహన్ రాయివైపు చూశాడు, కూతురివైపు చూశాడు, ఆఖరికి భార్యవైపు చూశాడు. జయంతి కింద పడిన మేకులు ఒక్కొక్కటే ఏరుతోంది. వాటిని ఏరడానికి చీపురుంది, పనివాళ్ళున్నారు. అయినా ఏరుతోంది.

ఎల్లుండి శనివారం పదకొండింటికి పార్కులో ఆవిష్కరణ. మేయర్ వస్తాడు, హైస్కూలు బ్యాండు వస్తుంది, ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో విమానాలెక్కి వస్తున్నారు. చివరి ఏళ్ళలో ఆయన దగ్గర సాఫ్ట్‌బాల్ నేర్చుకున్న ఆడపిల్లల తరఫున మాట్లాడాల్సింది దేదీప్య. నెలరోజులుగా ఆ మాటలు రాసుకుంటోంది, కొట్టేస్తోంది, మళ్ళీ రాసుకుంటోంది. రాయి ఇస్తానని టౌన్‌షిప్ వాళ్ళకి మాట ఇచ్చింది జగన్మోహన్. "మా ఊరి రాయి, మా అమ్మాయి కోచ్" అని ఆ మీటింగులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ చప్పట్లు ఇప్పుడు అతని చెవుల్లో ఎలా మోగుతున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

మరుక్షణం ఫోను తీసి చీమకుర్తికి కలిపాడు. అక్కడ గ్రానైట్ యూనిట్ నడిపేది జయంతి తమ్ముడు శశికాంత్. బావమరిది హలో అనే లోపలే ఇతను మొదలుపెట్టాడు. మతుండే పని చేశావా, ఫొటో చూశావా లేదా, ఎవడి ముఖం చెక్కించావు, రేపు నలుగురిలో నేను తల ఎక్కడ పెట్టుకోవాలి, ఇలా ఐదు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా కడిగేశాడు. ఫోను స్పీకర్‌లో ఉంది. జయంతి మేకులు ఏరడం ఆపింది.

"నా పొరపాటే బావా" అన్నాడు శశికాంత్ చివరికి. "పనోడు కొత్తోడు. నేను సరిగ్గా చూసుకోలా."

అక్కడ కొత్త పనివాడెవడూ లేడని జయంతికి తెలుసు. ఇరవయ్యేళ్ళుగా బొమ్మలు చెక్కేది ఒక్కడే, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. ఏం చెప్పాలో చెప్పింది శశికాంత్. శశికాంత్‌కి చెప్పింది ఎవరన్నదే అసలు సంగతి. తేలు కుట్టిన దొంగలా జయంతి లేచి, మేకులు డబ్బాలో వేసి, అన్నం టైమవుతోందని ఇంటికి బయల్దేరింది. అప్పుడు పొద్దున తొమ్మిదిన్నర.

*

మన ఊళ్ళల్లో ఒక అలవాటుంది. పోయినవాళ్ళకి పెద్దకర్మలోపు ఫొటో కట్టించాలి. ఉన్న ఫొటో ఏ రేషన్ కార్డు నుంచో పీకిందై ఉంటుంది. స్టూడియో అతను దానికి కోటు తొడుగుతాడు, జుట్టు దువ్వుతాడు, రంగు రెండు మెట్లు పైకి లాగుతాడు. జయంతి తండ్రి బొగ్గులాంటి మనిషి, ఎండలో క్వారీల దగ్గర తిరిగి ఇంకా కమిలిపోయాడు. ఫొటోలో తెల్లగా, నిమ్మపండులా వచ్చాడు. తల్లి ఆ ఫొటో ముందు చాలాసేపు కూర్చుని, "బతికుండగా మీ నాన్న ఇంత కళగా ఎప్పుడు కనపడ్డాడే" అని కళ్ళు తుడుచుకుంది. ఎవరికీ అది తప్పనిపించలేదు. పోయినవాళ్ళకి చేసే మర్యాదల్లో అదొకటి.

నాలుగు నెలల కిందట కోచ్ భార్య మిసెస్ టిలరీ ఆల్బంలోంచి తీసిచ్చిన ఫొటో స్కాన్ చేసి తమ్ముడికి పంపింది జయంతే. పంపి ఊరుకుంటే పీడా పోయేది. పెద్దావిడ చూసి సంతోషపడాలన్న తాపత్రయంలో గొంతు రికార్డు చేసి మరీ పంపింది. "ఒరే శశీ, ఫొటో బాగా పాతది, ముఖం మరీ నల్లగా పడింది. నాన్న ఫొటోకి చేయించావే, అట్లా కాస్త కళగా చేయించు."

చెక్కేముందు నమూనా కూడా వచ్చింది ఆమె ఫోనుకే. జగన్మోహన్ కస్టమర్ల గొడవలో ఉండి నువ్వు చూడు అన్నాడు. ఆమె చూసింది. బాగుంది అనుకుంది. ఎంత అందంగా ఉన్నాడు అనుకుంది. ఇప్పుడు ఒప్పుకోవడం కష్టం గానీ, ఆరోజు నిజంగా అలాగే అనుకుంది. ఆ మనిషిని ఏళ్ళ తరబడి ఎరిగి, ఆయన చేతిలో కూతుర్ని పెట్టి, ఆయన పోయినప్పుడు కడుపులోంచి ఏడ్చిన మనిషి, ఆయన ముఖం ఎక్కడికి పోయిందని మాత్రం అనుకోలేదు.

*

సాయంత్రం భోజనాల దగ్గర గొడవ మళ్ళీ రాజుకుంది.

జగన్మోహన్ రోజంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. శనివారం రాయిని అలాగే నిలబెడదాం, బొమ్మ మీదికి వచ్చేలా పెద్ద పూలదండ వేద్దాం, జనం ఇరవై అడుగుల దూరంలో కుర్చీల్లో ఉంటారు, మూడు నెలల్లో కొత్త రాయి తెప్పించి గప్‌చుప్‌గా మార్చేద్దాం అన్నాడు. మిషన్ పెట్టి ముఖం అరగదీయొచ్చు కదా అని దేదీప్య అడిగింది. ఒకచోట అరగదీస్తే అక్కడ గుంటపడి మెరుపు పోతుందనీ, ముఖం లేని రాయిని చూస్తే జనం ఇంకా ఎక్కువ అడుగుతారనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ కోపం మళ్ళీ పాతదారి పట్టింది.

"మీ తమ్ముడికి పని చెబితే ఇంతే" అన్నాడు జయంతితో. "మన రాయి గదా, మనోడు గదా అని ఇచ్చా. చేతులారా చేసుకున్నా."

జయంతి అతని కంచంలో పప్పు వేసింది. తమ్ముణ్ణి అన్న ప్రతి మాటా తనకి తగలాల్సిందే. వాడేమో నోరు కుట్టేసుకుని తిట్లు తింటున్నాడు.

"మామయ్యకి కోచ్ ఎవరో కూడా తెలీదు" అంది దేదీప్య, కంచంలో అన్నం కెలుకుతూ. "ఎవరూ చెప్పకుండా ఆయన ఫేస్ ఎందుకు చేంజ్ చేస్తారు?"

జయంతి పెరుగు తెస్తానని లేచింది. పెరుగు గిన్నె బల్లమీదే ఉంది.

ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడింది. వెనక కూతురి గొంతు వినపడుతోంది. ఆ పిల్ల తెలుగు ఎప్పుడూ కొంచెం తడబడుతుంది, ఈపూట తడబడటం లేదు.

"డాడీ, నా హాఫ్ శారీ ఆల్బంలో ఉంది ఎవరు?"

"నువ్వేగా" అన్నాడు జగన్మోహన్ అయోమయంగా.

"నేను కాదు. నాలాంటి శారీ కట్టుకున్న వేరే అమ్మాయి. ఆ ఫొటోస్ వచ్చినప్పుడు అందరూ బాగున్నాయన్నారు. నేను ఒక్కదాన్నే నాకోసం వెతుక్కున్నా."

 ఫొటోగ్రాఫర్లందరూ అలాగే చేస్తారని జగన్మోహన్ ఏదో గొణిగాడు. పిల్ల తాత పోలిక, తాత రంగు. నలుగురూ చూసే ఆ ఆల్బంలో ఆ రంగుకి వన్నె పెట్టించింది ఎవరో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఆ రాయి అలాగే నిలబడితే దాని పక్కన తను నిలబడననీ, మాట్లాడననీ చెప్పి దేదీప్య మేడమీదికి వెళ్ళిపోయింది. కంచంలో అన్నం అన్నంలాగే ఉంది.

జయంతికి పదేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. ప్రాక్టీసు నాలుగింటికి, మండుటెండ. ఎనిమిదేళ్ళ పిల్లని గొడుగు కింద గ్రౌండుకి నడిపించుకెళ్ళి, ప్రాక్టీసు ఆరింటికి పెట్టుకోకూడదా, ఎండ తగ్గుతుంది కదా అని కోచ్‌ని అడిగింది. ఎండ తగిలితే ఏమవుతుంది అని అడిగాడాయన. నల్లబడిపోతుందన్న మాట నాలుక చివరిదాకా వచ్చి, ఎవరి ముందు నిలబడి ఉందో తెలిసొచ్చి, తలనొప్పి వస్తుంది అని మార్చింది. ఆయన ఆమెవైపు ఒక క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత నవ్వి, పిల్ల చేతికి గ్లవ్ ఇచ్చి, గొడుగుని మాత్రం గీత బయటే ఉంచమన్నాడు. ఆయనకి ఆరోజు అంతా అర్థమైందని జయంతి అనుమానం. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేదు.

గిన్నెలు సర్దుతుంటే ఫోను మోగింది. తమ్ముడి మెసేజ్. "అక్కా, బావకి నేను చెప్పలా. నువ్వూ చెప్పబాక. నాలుగు తిట్లు తింటే పోద్ది." అది చదివి, తనకన్నా ఆరేళ్ళు చిన్నవాడి వెనక దాక్కున్నందుకు జయంతికి సిగ్గేసింది. సిగ్గేసినా, సరే అని జవాబు పెట్టింది.

*

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మిసెస్ టిలరీ ఫోన్ చేసింది. ఆవిడకి ఎనభై నాలుగు. కోచ్ పోయినప్పటి నుంచి, ఈ రెండేళ్ళుగా జయంతి వారానికోసారి వెళ్ళి కూర్చుని వస్తుంది, పులిహోర ఇస్తుంది, ఆవిడ చేసిన మొక్కజొన్న రొట్టె తెచ్చుకుంటుంది.

రాయిని ఇవాళే చూడాలని ఉందని చెప్పింది ఆవిడ. రేపు అందరి ముందూ మొదటిసారి చూస్తే తట్టుకోలేనేమో, ఇవాళ ఒంటరిగా చూసి ఏడ్చేది ఏడ్చేస్తే రేపు తలెత్తుకుని కూర్చుంటాను అంది.

జగన్మోహన్ ఎదురుగా నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఓడ ఆలస్యమైందని చెప్పు, రేపు పొద్దున్నే నేరుగా పార్కుకి వస్తుందని చెప్పు అని సైగలు. జయంతి అటు చూసింది. నోట్లో అబద్ధం సిద్ధంగానే ఉంది.

"నేనొచ్చి తీసుకెళ్తాను" అంది ఫోనులో.

పెట్టేశాక మొగుడు ఏమన్నాడో ఆమెకి సగమే వినపడింది. పరువు అన్నాడు, లోకల్ పేపరు అన్నాడు, రేపట్నుంచి షాపు గుమ్మం ఎవడెక్కుతాడు అన్నాడు. ఆవిడకి నువ్వే చెప్పుకో, పనివాడి తప్పని చెప్పు అని చివరికి కార్ తాళాలు చేతిలో పెట్టి, తను ముందే షాపుకి వెళ్ళిపోయాడు. దేదీప్య అప్పటికే అక్కడుంది. అసలు ఫొటో పట్టుకుని పొద్దున్నే వెళ్ళింది, ఏమైనా చేయొచ్చేమో చూద్దామని.

మిసెస్ టిలరీ చర్చికి వెళ్ళినట్టు తయారై గుమ్మంలోనే నిలబడి ఉంది. ఊదారంగు టోపీ, చేతికి తొడుగులు. కార్‌లో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ, ఆ ఫొటోయే ఎందుకు ఇచ్చానో తెలుసా అని అడిగింది. తెలియదంది జయంతి.

ఆవిడ చెప్పింది. ఆ ఏడు జట్టుకి ఫొటో తీయడానికి వచ్చినవాడు ఏమస్‌ని చివర నిలబడమన్నాడట. ఎందుకో అందరికీ తెలుసట. చివరనుంటే పేపర్లో వేసేటప్పుడు కత్తిరించడం సులువు. అంతకుముందు రెండుసార్లు అలాగే కత్తిరించారు కూడా. మూడోసారి జట్టులో క్యాచర్ ఒకడు ఏమస్ మోచెయ్యి పట్టుకుని లాగి నడిమధ్యలో నిలబెట్టాడట. కత్తిరించాలంటే ఇక జట్టంతా పోవాలి.

"అప్పుడు వాళ్ళు ఆ ముఖాన్ని ముట్టుకోలేకపోయారు" అంది ఆవిడ, ఇంగ్లీషులో, నెమ్మదిగా. "మొదటిసారి. అందుకే అది ఇచ్చాను."

జయంతి కార్ స్టార్ట్ చేసింది. ఇప్పుడే చెప్పేయాలనుకుంది. మొదటి రెడ్ లైట్ దగ్గర చెబుదామనుకుంది. రెండో దగ్గర గొంతు సవరించుకుంది. మూడో దగ్గర పెద్దావిడ, నువ్వొక్కదానివే నాకు ఇంత చేశావు అని ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది. లైటు ఆకుపచ్చగా మారి, వెనక కార్ హారన్ కొట్టేదాకా జయంతి కదల్లేదు.

*

షెడ్డులో జగన్మోహన్ రాయి మీద తెల్లదుప్పటి కప్పి ఉంచాడు. ఒక కుర్చీ తెచ్చి వేశాడు. నీళ్ళ బాటిల్ తెచ్చాడు. దేదీప్య రాయికి అవతలివైపు, చేతిలో ఆ పాత ఫొటోతో గోడకానుకుని నిలబడి ఉంది. తల్లిని చూసి ముఖం తిప్పుకుంది. పెద్దావిడని మాత్రం వచ్చి కౌగిలించుకుని, మళ్ళీ తన గోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

మిసెస్ టిలరీ కూర్చోలేదు. దుప్పటి తీయమంది.

జగన్మోహన్ తీశాడు. తీస్తూనే చెప్పడం మొదలుపెట్టాడు. చిన్న పొరపాటు జరిగింది మేడమ్, ఇండియాలో కొత్త పనివాడు, మేము చాలా బాధపడుతున్నాం, మూడు నెలల్లో కొత్తది. ఆవిడ చెయ్యి కొంచెం ఎత్తింది. అతను ఆగిపోయాడు.

ఆవిడ ముందుకి నడిచింది. కుడిచేతి తొడుగు విప్పి సంచిలో పెట్టుకుంది. పేరు మీద వేలు రాసింది, ఒక్కో అక్షరం మీదా. తర్వాత పైకి చూసింది.  ఏడుపు రాలేదు. ఏడవడానికి వచ్చిన మనిషి, ఏడవడానికి అక్కడ ఎవరూ దొరకనట్టు నిలబడిపోయింది.  ఇంతకన్నా ఆవిడ కేకలు వేసినా బాగుండేది అనుకుంది జయంతి.

"ఆ పనివాడు ఏమస్ ఫొటో చూశాడా?" అని అడిగింది చివరికి.

చూశాడు గానీ అర్థం కాలేదు అనబోయాడు జగన్మోహన్.

"పనివాడు కాదు" అంది జయంతి.

తన గొంతు తనకే కొత్తగా వినపడింది. మొగుడు చప్పున తిరిగి చూశాడు. కళ్ళతోనే వద్దన్నాడు. ఆమె అటు చూడలేదు.

"మా తమ్ముడూ కాదు. నేను. నేనే చెప్పాను. ముఖం నల్లగా ఉంది, కళగా చెయ్యమని నేనే చెప్పాను. చెక్కేముందు చూపించారు కూడా. చూసి బాగుందన్నాను."

ఆ కళ అన్నమాటకి ఇంగ్లీషులో ఏం చెప్పాలో తోచక, అందంగా అని చెప్పింది. చెప్పగానే అది ఎంత ఘోరంగా ఉందో తనకే తెలిసింది. మా నాన్నకీ అలాగే చేయించాం, మాలో అది మర్యాద అని కూడా చెప్పబోయి ఆపుకుంది. 

జగన్మోహన్ కుర్చీ వీపు పట్టుకుని దానిలో తనే కూర్చున్నాడు. నిన్నటినుంచి బావమరిదిని తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

మిసెస్ టిలరీ జయంతివైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం కోసం జయంతి వెతికింది. దొరికితే కాళ్ళమీద పడి క్షమాపణ అడిగేది, ఏదో ఒకటి తెమిలేది. కోపం కనపడలేదు. తనింటికి వచ్చి పక్కన కూర్చుని పులిహోర పెట్టిన మనిషిని ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది ఆవిడ.

"నాకొక్కటి చెప్పు జయా" అంది. గొంతులో దెప్పిపొడుపు లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "ఆయనకున్న ముఖంలో నీకేం లోటు కనపడింది?"

జయంతి రాతి మీది ముఖం వైపు తిరిగింది.  బయట పలకలు కోసే మిషన్ ఆగింది. 

గోడ దగ్గరనుంచి దేదీప్య వచ్చి పెద్దావిడ పక్కన నిలబడింది. చేతిలో ఫొటో లేదు, ఒక పలక మీద పెట్టేసి వచ్చింది. తల్లి కళ్ళలోకి తిన్నగా చూసింది.

"చెప్పమ్మా" అంది. "నాకూ కావాలి ఆ ఆన్సర్."